రెండోసారి అడగని మాట

ప్రియమైన అమ్మడికి,

నాన్న ఆశీస్సులతో రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం అని ప్రతి ఉత్తరంలోనూ ముందుగా రాస్తాను. ఈసారి ఆ వాక్యం దగ్గర కలం కాసేపు ఆగింది. ఆలోచించి ఇలా రాస్తున్నాను. ఈ రోజు గురువారం, ఉదయం పది గంటలు. ఈ వేళకి ఇద్దరం క్షేమంగానే ఉన్నాం. పక్క గదిలో మీ అమ్మ కుట్టు మిషను చప్పుడు వినిపిస్తోంది. అది వినిపిస్తున్నంతసేపు రాస్తాను. ఆగితే లేచి వెళ్లి చూసి వచ్చి మళ్లీ రాస్తాను. అందుకని మధ్యమధ్య మాట తెగినట్టుంటే ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం నిన్న అందింది. ఆదివారం వానకి మీ శిబిరంలో ఫోను లైను పనిచేయలేదని రాశావు. ఇక్కడ మేమూ గంటసేపు ఫోను పక్కనే కూర్చుని లేచాం. రోడ్డు కొలతలు వంతెన దాకా వచ్చాయని, నీ కింద ఇద్దరిని వేశారని చదివి మీ అమ్మ ఆ కాగితం పట్టుకెళ్లి పక్కింటి లాండ్రీ ఆవిడకి కూడా చదివి వినిపించింది. "టేపు పట్టుకోవడం నా దగ్గర నేర్చిందే" అని కూడా చెప్పి వచ్చింది.

నాలుగు ప్రశ్నలు అడిగావు. వరసగా చెబుతాను.

వంటింటి కిటికీ తలుపు ఉబ్బి మూసుకోవడం లేదన్నాను కదా, ఏం చేశారని అడిగావు. చిత్రిక పట్టాను. కాస్త ఎక్కువే పట్టాను. ఇప్పుడు మూసుకుంటుంది గానీ గాలి వస్తే టకటకమంటుంది. "ఇదివరకు వాన చెప్పకుండా లోపలికొచ్చేది, ఇప్పుడు తలుపు కొట్టి మరీ వస్తోంది" అని మీ అమ్మ అంటోంది.

కళ్లద్దాలు మార్చాను. పాతవి పారెయ్యలేదు. సన్న మరలు చూడడానికి అవే అలవాటు.

"ఆ మహాకాటా మన ఇల్లు ఖాళీ చేసిందా, అమ్మ మిషను మళ్లీ కిటికీ దగ్గరికి చేరిందా" అన్నావు. చేరింది. నా దగ్గరికి బాగుకి వచ్చిన సిమెంటు గోదాము వాళ్ల బస్తాల కాటా అది. ముందు గదిలో పట్టక, మీ అమ్మని అడగకుండా మిషను మూలకి జరిపి, దాని చోట కాటా పెట్టాను. వెలుతురు లేని మూల. నాది తప్పే. దానికి మా ఇద్దరికీ నాలుగు రోజులు మాటల్లేవు. నువ్వు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి తొమ్మిది రోజుల రికార్డు మాత్రం ఇంకా అలాగే ఉంది. అప్పుడు మా మధ్య పోస్టుమాన్‌వి నువ్వే. "అమ్మా, నాన్న ఉప్పు అడుగుతున్నారు", "నాన్నా, కళ్లుంటే కనబడుతుందని అమ్మ చెప్పమంది". ఇప్పుడు నువ్వు లేవు, ఉప్పు మేమే వెతుక్కుంటున్నాం.

ఇక నాలుగోది. "పోయిన ఉత్తరం చివర అమ్మ రాసిన రెండు వాక్యాలూ కిందికి ఎందుకు జారిపోయాయి? చెయ్యి నొప్పా? నడుస్తూ రాసిందా?" అని. ఈ ఉత్తరమంతా దాని జవాబే. ఫోనులో నా మాటలు మూడే అని నువ్వే వెక్కిరిస్తావు కదా. "ఆ", "ఊ", "ఇదిగో అమ్మకిస్తున్నా". కాగితం మీదయితే కాస్త నయం. నెమ్మదిగా చదువు. ముందే చెబుతున్నాను, మీ అమ్మ పక్క గదిలోనే ఉంది, బాగా మాట్లాడుతోంది.

సరిగ్గా వారం కిందట, గురువారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి, నేను బల్ల దగ్గర ఒక పళ్లకొట్టు త్రాసు విప్పుకుని కూర్చున్నాను. లోపల కత్తెర నేల మీద పడిన చప్పుడైంది. తీసుకుంటుందిలే అనుకున్నాను. మళ్లీ పడింది. మూడోసారి కూడా పడేసరికి లేచి వెళ్లాను. మీ అమ్మ కింద కూర్చుని ఉంది. కత్తెర ముందే ఉంది. కుడిచెయ్యి దాని మీద పెడుతోంది, వేళ్లు మూసుకోవడం లేదు. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు ఒక పక్కనే వచ్చింది అమ్మడూ. రెండో పక్క నోరు కిందికి వేలాడిపోయింది. ఏదో చెప్పింది. మాటలు నీళ్లలో నానిన కాగితంలా ఉన్నాయి, ఒక్కటీ విడిగా రాలేదు.

అదే సమయానికి లాండ్రీ ఆవిడ మడతపెట్టిన దుప్పట్లు ఇవ్వడానికి వచ్చింది. చూసి అక్కడే కింద పడేసింది. "అయ్యో వదినా! అన్నయ్యగారూ, నోరు పక్కకి పోయింది, చూస్తూ నిలబడ్డారేం, పట్టుకోండి!" అని అరిచింది. ఇద్దరం పట్టుకుని మంచం మీద పడుకోబెట్టాం. గడియారం చూశాను. తొమ్మిదీ నలభై అయ్యేసరికి నోరు చక్కబడింది. నలభై అయిదుకి చెయ్యి లేచింది. మొదటి మాట ఏమందో తెలుసా? "దుప్పట్లు మురికి నేల మీద వేశారు, మళ్లీ ఉతకాలి." లాండ్రీ ఆవిడ ఏడుస్తూ నవ్వింది.

నేను ఆసుపత్రికి పోదామన్నాను. "ఏం కాలేదు. నిన్న సరిగా తినలేదు, అదే" అంది. "నోరు వంకరపోయిందే." "అద్దం చూపించండి, ఏదీ వంకర?" నిజమే, అప్పటికి వంకర లేదు. బడి తెరిచేలోగా ముప్ఫై జతల యూనిఫారాలు ఇవ్వాలి, వాటికి కాజాలు కుట్టాలి అని మళ్లీ మిషను ఎక్కింది. సాయంత్రానికి బతిమాలి వీధి చివర మందుల కొట్టు పక్కన కూర్చునే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రక్తపోటు చూశాడు, ఎక్కువే ఉంది. చేతులు ఎత్తించాడు, ఎత్తింది. నవ్వమన్నాడు, నవ్వింది. "ఇప్పుడంతా బాగానే ఉంది. నీరసం కావచ్చు. ఇంతకుముందెప్పుడైనా ఇలా అయిందా?" అని అడిగాడు.

"లేదండీ, ఇదే మొదలు" అంది మీ అమ్మ.

నేను పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు. ఆ సంగతి తరువాత రాస్తాను.

ఆయన బలానికి మాత్రలు ఇచ్చి, పెద్దాసుపత్రికి ఒక చీటీ రాశాడు. "వీలైనప్పుడు నరాల డాక్టరుకి చూపించండి" అని ఉంది అందులో. ఇంటికొచ్చాక నీకు ఉత్తరం రాశాను. ఈ విషయం రాయలేదు. మీ అమ్మ రాయొద్దంది. ఎప్పటిలాగే చివర్లో తన రెండు వాక్యాలూ తను రాసింది. రాస్తున్నంతసేపు కాగితాన్ని ఎడమచేత్తో అదిమి పట్టుకుంది. నేను చూశాను. అక్షరాలు కిందికి జారడం కూడా చూశాను. చూసి, కవరు అంటించి, మర్నాడు బస్సులో పంపాను. నీ కళ్లకి వంపులు దొరుకుతాయని తెలిసి కూడా పంపాను. ఒకవేళ అందుకే పంపానేమో.

శుక్రవారం ఆ చీటీ పట్టుకుని ఒక్కడినే పెద్దాసుపత్రికి వెళ్లాను. కౌంటరులో ఉన్నావిడ మంచావిడే. చీటీ చదివి, "ఇప్పుడెలా ఉన్నారు?" అంది.

"బాగానే ఉంది."

"నడుస్తున్నారా? మాట్లాడుతున్నారా?"

"మాట్లాడుతోంది. తిడుతోంది కూడా."

నవ్వింది. "అయితే ఫరవాలేదు. ఇక్కడ 'వీలైనప్పుడు' అనే రాశారు కదా. ముప్ఫై తొమ్మిది రోజుల తరువాత ఒక ఖాళీ ఉంది. రాయమంటారా?"

"రాయండి" అన్నాను. నా వెనక పదిమంది నిలబడి ఉన్నారు. ఇంకేదైనా అనాలని తెలుసు. ఏమనాలో కూడా తెలుసు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

(మిషను ఆగింది. వెళ్లి చూశాను. దారం అయిపోయింది, కండె మారుస్తోంది. "మళ్లీ వచ్చారా?" అంది. మళ్లీ రాస్తున్నాను.)

ముప్ఫై తొమ్మిది రోజులన్న మాట విని లాండ్రీ ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది. "అన్నయ్యగారూ, మా ఆయన సంగతి మీకు తెలియనిదా? ఆయనకీ ఇలాగే ఓ రోజు చెయ్యి మొద్దుబారి పావుగంటలో మామూలైపోయింది. 'చూశావా, మందూ లేదు, మాకూ లేదు' అని వీధంతా చెప్పుకు తిరిగాడు. పదకొండో రోజు మంచం పట్టాడు. ఆరేళ్లయింది, ఇవాళ్టికీ ఎడంచేత్తోనే తింటున్నాడు. పక్షవాతం చెప్పి రాదంటారు. చెప్పే వస్తుంది. మనమే వినం" అంది. ఆవిడ కళ్లలోకి చూడలేక గోడ మీద హేంగర్లు చూస్తూ నిలబడ్డాను.

శనివారం కిరాణా ఆయన తన కాటా తెచ్చాడు. "ముల్లు చక్కగా సున్నా మీదే నిలబడుతోంది. ఇందులో బాగుచేయడానికేముందయ్యా?" అన్నాడు. ఇలాంటి వాళ్లకి నేను ఇరవై ఏళ్లుగా ఒకటే జవాబు చెబుతాను, నీకూ కంఠతా వచ్చు. "సున్నా దగ్గర ఏ కాటా అయినా మంచిదే. బరువు పెడితేనే దాని సంగతి తెలుస్తుంది." అలవాటుగా చెప్పేశాను. చెప్పాక చేతిలో స్క్రూడ్రైవరు కదల్లేదు. ఆయన "ఏమైందయ్యా?" అని రెండుసార్లు అడిగాడు. సోమవారం రమ్మని పంపేశాను.

అప్పుడు నా రోజు చిట్టా తీశాను. నీకు తెలుసుగా, ఏ కాటా వచ్చింది, ఎంత తేడా ఉంది, వాన పడిందా, ఎవరొచ్చారు, అన్నీ వేళతో సహా రాసుకుంటాను. "మీ నాన్న తుమ్మినా అందులో ఎక్కుతుంది" అంటుంది మీ అమ్మ. ఆ గురువారానికి పదహారు రోజులు వెనక్కి తిప్పాను. అక్కడ ఒక వాక్యం ఉంది. ఉందని నాకు గుర్తులేక కాదు. చూసి, మూసేశాను. రేపు ఆదివారం, కౌంటరు ఉండదు అనుకున్నాను. అత్యవసర విభాగం ఆదివారాలు కూడా తెరిచి ఉంటుందని ఆసుపత్రి తలుపు మీదే రాసి ఉంటుంది అమ్మడూ. నేను చదివాను కూడా.

ఆ ఆదివారమంతా మిషను చప్పుడు వింటూ కూర్చున్నాను. ఆగిన ప్రతిసారీ లేచి వెళ్లి చూశాను. ఈ ఇంట్లో నాకు ఇన్నాళ్లూ ఇష్టమైనది నిశ్శబ్దమే. ఇప్పుడు అదే భయపెడుతోంది.

సోమవారం పొద్దున్నే చొక్కా తొడుక్కుని చిట్టా చంకలో పెట్టుకున్నాను. "పద" అన్నాను.

"ఎక్కడికి?"

"పెద్దాసుపత్రికి."

"తారీఖు ఇచ్చారుగా?"

"ముందే వెళ్దాం."

"ముందే వెళ్తే బహుమతి ఇస్తారా? కాజాలు ఎవరు కుడతారు?"

"కాజాలు లేకపోతే పిల్లలకి చదువు రాదా?"

నేను మాటకి మాట అనడం చూసి ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యంలోనే చెప్పులు వేసుకుంది.

కౌంటరులో అదే ఆవిడ. నన్ను గుర్తుపట్టింది. "మీకు తారీఖు ఇచ్చానే. కొత్తగా ఏమైనా వచ్చిందా?"

"లేదమ్మా. పాతది ఒకటి చెప్పలేదు."

"పాతదేంటి?"

"అంతకుముందు కూడా ఒకసారి వచ్చింది."

మీ అమ్మ నా వైపు తిరిగింది. "ఎవరికి?"

"నీకు" అన్నాను.

కౌంటరు ఆవిడ కలం పక్కన పెట్టింది. లేచి లోపలికి వెళ్లింది. అయిదు నిమిషాల్లో ఒక నర్సు వచ్చి మమ్మల్ని పక్క తలుపులోంచి తీసుకెళ్లింది. నరాల డాక్టరు నీ వయసు పిల్ల. జుట్టు ముడిలో కలం గుచ్చుకుని ఉంది. గురువారం జరిగినదంతా విని, "అంతకుముందు ఒకసారి అన్నారట. ఎప్పుడు?" అంది. నేను చిట్టా తెరిచి చదివాను.

"మంగళవారం. సాయంత్రం 6.10. టీ పెట్టనా అని అడిగాను. పలకలేదు. నా వంక చూసి ఊరుకుంది. నేనూ మళ్లీ అడగలేదు."

అమ్మడూ, అది మిషను జరిపిన రోజు. పొద్దున దెబ్బలాడుకున్నాం. సాయంత్రం వరకు మూగనోము. చివరికి నేనే మెత్తబడి ఆ ప్రశ్న అడిగాను. మీ అమ్మ మూలలో కూర్చుని ఉంది. నా వంక చూసింది, పెదవులు కాస్త కదిలాయి, మాట రాలేదు. ఇంకా కోపం దిగలేదు కాబోలు, దిగినప్పుడే దిగుతుంది అనుకున్నాను. నా ఒక్కడికే టీ పెట్టుకుని, కప్పు పట్టుకుని ముందు గదిలోకి వచ్చేశాను. వచ్చి, చిట్టాలో ఆ వాక్యం రాశాను. మన ఇంట్లో పలకకపోవడం కోపానికి గుర్తు. జబ్బుకి కూడా గుర్తు కావచ్చని నాకు తోచలేదు.

గురువారం మీ అమ్మ నోట్లో మాటలు నానిపోవడం చూసిన క్షణంలోనే ఆ మంగళవారం ఏమిటో అర్థమైంది. వీధి డాక్టరు "ఇంతకుముందెప్పుడైనా?" అన్నప్పుడు నాకు జవాబు తెలుసు. చెబితే, కప్పు పట్టుకుని వెళ్లిపోయిన సంగతి కూడా చెప్పాలి. అందుకే నోరు మూసుకున్నాను. కౌంటరు దగ్గర మూసుకున్నాను. ఆదివారం మూసుకున్నాను. ఇది నీకు చెప్పాలనే ఇన్ని కాగితాలు నింపుతున్నాను. నా సిగ్గు కాపాడుకోవడానికి నాలుగు రోజులు మీ అమ్మ ప్రాణాన్ని తాకట్టు పెట్టాను. ఆ నాలుగు రోజుల్లో ఏ గంటకైనా అది మళ్లీ వచ్చి, ఈసారి పోకుండా ఉండిపోయేదే.

డాక్టరు మీ అమ్మ వైపు తిరిగింది. "ఆ రోజు ఏమైందో గుర్తుందా అమ్మా?"

మీ అమ్మ బల్ల మీదున్న చిట్టానే చూస్తోంది. "గుర్తుంది. 'పెట్టండి' అందామనుకున్నా. నోట్లో ఆ మాటే లేదు. ఎంత వెతికినా లేదు. పోనీ ఈయన్ని పిలుద్దామంటే పిలుపూ రాలేదు. ఈయన కప్పు పట్టుకుని వెళ్లిపోయారు."

"ఎంతసేపు ఉంది?"

"గోడ గడియారంలో పెద్దముల్లు రెండు మీంచి నాలుగు మీదికి వచ్చేదాకా. దాన్నే చూస్తూ కూర్చున్నా."

"మాట వచ్చాక ఈయనతో చెప్పలేదేం?"

"కోపంతో గొంతు పట్టేసిందనుకున్నా డాక్టరమ్మా. పైగా ఈయన నాతో మాట్లాడ్డం లేదుగా? నేనెందుకు ముందు మాట్లాడాలి?"

ఆ పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇంతకీ చివరికి ఎవరు ముందు మాట్లాడారు?"

"నేనే. నాలుగో రోజు. ఉప్పు దొరక్క" అంది మీ అమ్మ.

డాక్టరు నవ్వలేదు. కాగితం మీద చకచకా రాస్తూ చెప్పింది. "మూడు వారాల్లో రెండుసార్లు. ఇది నీరసం కాదు. పక్షవాతానికి ముందు వచ్చే హెచ్చరిక. తగ్గిపోయింది కదా అని ఇళ్లలో కూర్చుంటారు, తగ్గిపోయాకే తొందరగా రావాలి. ఇవాళే పరీక్షలన్నీ చేస్తాం. ఇంటికి పంపను." తరువాత నా వైపు చూసి, "వేళతో సహా రాసుకున్నారు, మంచి పని చేశారు. మొదటిరోజే ఎవరికైనా చదివి వినిపించి ఉంటే ఇంకా మంచిది" అంది. ఆ మాట పడాల్సిందే, పడ్డాను.

తల స్కానింగు, మెడ స్కానింగు, గుండె పరీక్ష, రక్తం, అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మెడలో ఎడమ వైపు, తలకి రక్తం తీసుకెళ్లే నాళం లోపల కొవ్వు పేరుకుని దారి బాగా సన్నబడిపోయిందట. అక్కడి నుంచి చిన్న చిన్న ముక్కలు పైకి వెళ్లి మాటనీ కుడిచేతినీ ఆపాయి. తలలో ఒకచోట చిన్న మచ్చ కూడా కనబడింది. నీకు వచ్చిన ఉత్తరంలో వంకర అక్షరాలు ఆ మచ్చ వల్లే. అది పెద్దది కాదు, చెయ్యి కుదురుకుంటుందన్నారు. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు, రక్తపోటుకి, కొవ్వుకి మాత్రలు మొదలుపెట్టారు. మంగళవారం సాయంత్రం దాకా ఉంచుకుని ఇంటికి పంపారు. వచ్చే బుధవారం మెడ దగ్గర కోసి ఆ నాళాన్ని శుభ్రం చేస్తారు. ఆపరేషన్లో కొంచెం ప్రమాదం ఉందని, చేయకపోతే అంతకంటే చాలా ఎక్కువ ప్రమాదమని డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పింది. ఈలోగా కూర్చుని చేసే తేలికపని చేసుకోవచ్చంది. నోరు, చెయ్యి, మాట, ఈ మూడింట్లో ఏ ఒక్కటి తేడా వచ్చినా, అది పోతుందేమోనని చూడకుండా, వేళ చూసుకుని వెంటనే తీసుకురమ్మంది. ఆ మూడు మాటలూ పెద్ద అక్షరాలతో రాసి మిషను పైన గోడకి అంటించాను.

ఆ సోమవారం స్కానింగు గది బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు మీ అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. అది కోపమో, జబ్బో నాకు తెలియలేదు. ఇదివరకయితే నేనూ ఊరుకునేవాణ్ని. "ఏమే, పలుకుతున్నావా?" అన్నాను. పలకలేదు. మళ్లీ అడిగాను. తల తిప్పి చూసింది. "పలుకుతున్నాను. తిట్టడానికి మాటలు ఏరుకుంటున్నాను" అంది. కాసేపటికి, "ఆ రోజు టీ బాకీ ఉంది. వెళ్లి తీసుకురండి" అంది. తెచ్చాను. కప్పు కుడిచేత్తోనే పట్టుకుంది. తాగడం అయ్యేదాకా ఆ వేళ్లనే చూశాను.

ఆపరేషన్ కాగితం మీద సంతకం మొన్నే పెట్టింది. అక్షరాలు కొంచెం జారాయి. చేయించుకోనని మాత్రం అనలేదు. నాకు ధైర్యంగానే కనిపిస్తుంది. కానీ నిన్న యూనిఫారాలన్నిటి మీదా ఎవరిది ఏదో చీటీలు రాసి గుచ్చింది. "నేను లేకపోయినా మీరు పంచెయ్యొచ్చు" అంది. ఆ మాట ఆపరేషన్ రోజు గురించే అనుకుంటున్నాను.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. "వంతెన పని మీద ఉంది, దాని కొలత తప్పితే వంతెన వంకరవుతుంది" అంటోంది. ఒట్టు వేశాను, తప్పుతున్నాను. ఊరుకోవడం వల్ల ఏమవుతుందో చూశాక ఇక నా వల్ల కాదు. రేపు పొద్దుటి బస్సులో ఈ ఉత్తరం పంపుతాను, శనివారానికి అందాలి. అందకపోతే ఆదివారం నువ్వు ఫోను చేసినప్పుడు మీ అమ్మ చేతిలోంచి తీసుకుని నేనే చెబుతాను. మూడు మాటలకంటే ఎక్కువే చెబుతాను. మంగళవారం సాయంత్రానికి నువ్వు ఇక్కడుంటే బాగుంటుంది. బాగుంటుంది అని కాదు, రా అమ్మడూ. నాకు భయంగా ఉంది.

ఇక్కడిదాకా రాసేసరికి మిషను ఆగింది. లేచేలోపే మీ అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపయిందో తెలియదు. ఏం చదివిందో తెలియదు. "ఒట్టు వేస్తే గట్టిగా వేయడం కూడా రాదు మీకు" అంది. తరువాత, "కింద నాకు చోటు వదలండి" అంది. ఎప్పటిలా చివర్లో తన రెండు వాక్యాలూ తను రాస్తుంది. గీతలు ఎలా ఉన్నాయో నీ కళ్లతో చూసి, నాకు దాచకుండా చెప్పు.

ఇట్లు,
ఇకమీదట రెండోసారి కూడా అడిగే
మీ నాన్న

అమ్మడూ, పొద్దున్నించి మీ నాన్న "పలుకుతున్నావా" అని పదకొండుసార్లు అడిగారు, పదకొండుసార్లూ పలికాను. నువ్వు మంగళవారానికి వచ్చి కాసేపు ఆయనకి బదులు చెప్పు, నాకు కాజాలున్నాయి.
— అమ్మ